జార్జ్ క్యాడ్‌బరీ: పనివారి ముందు ఒక యజమాని

కొన్ని వారాల క్రితం ఆరాధన ముగిశాక ఒక సోదరి మమ్మల్ని కలిశారు. క్రైస్తవ యాజమాన్యంలోని ఒక ఆసుపత్రిలో ఆమె పంతొమ్మిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నారు. నాలుగు నెలలుగా జీతాలు లేవట. అయినా రోజూ ఉదయం డ్యూటీకి ముందు ప్రార్థన మాత్రం క్రమం తప్పడం లేదట. ఒకప్పుడు ఆ ప్రార్థనకు అందరికంటే ముందు వచ్చి కూర్చునేదాన్ని, ఇప్పుడు హాజరు కోసం వెళ్తున్నాను, పని కూడా అలాగే చేస్తున్నాను అని చెప్పి తల దించుకున్నారు. ఆమె జీతం గురించి ఫిర్యాదు చేయడానికి రాలేదు. తన మనసు పనిమీద నిలవడం లేదని, దానికోసం ప్రార్థించమని అడగడానికి వచ్చారు. మేము ప్రార్థించాము. కానీ ఇంటికి వెళ్లాక మా పాత ప్రసంగాల నోటు పుస్తకాలు తిరగేసి చూసుకున్నాము. దాసులు యజమానులకు లోబడాలన్న పౌలు బోధపై మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ వెంటనే అదే పత్రికలో యజమానులకు ఆయన చెప్పిన దానిమీద ఈ ఇరవై ఎనిమిదేళ్ల పరిచర్యలో రెండేసార్లు మాట్లాడాము.

అందుకే ఈ వారం ఒక యజమాని జీవితం చెప్పాలనుకున్నాము. ఆయన పేరు మన పిల్లలందరికీ తెలుసు. పుట్టినరోజుకు, క్రిస్మస్‌కు, సండే స్కూలు బహుమతులకు మనం కొనే చాక్లెట్ మీద ఉన్న పేరది. ఆ పేరు గల కుటుంబంలో జార్జ్ అనే ఒక భక్తుడు ఉండేవాడని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

జార్జ్ క్యాడ్‌బరీ 1839 సెప్టెంబరు 19న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఆయన తల్లిదండ్రులు క్వేకర్లు, అంటే ఫ్రెండ్స్ సమాజానికి చెందినవారు. ఆ సమాజపు ఆరాధనలో బోధకుడు ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఆత్మ ప్రేరణ కలిగినవారు లేచి మాట్లాడతారు. వారు ప్రమాణం చేయరు, యుద్ధానికి వెళ్లరు. ఈ పట్టుదల వల్ల ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల తలుపులు వారికి చాలాకాలం మూసుకుపోయాయి. అందుచేత తెలివైన క్వేకర్ యువకులు ఎక్కువగా వ్యాపారంలోకి వెళ్లారు. బేరమాడకుండా ఒకే ధర చెప్పే వర్తకులుగా వారికి పేరు వచ్చింది. బ్రిస్టల్‌లో ఫ్రై, యార్క్‌లో రౌన్‌ట్రీ, బర్మింగ్‌హామ్‌లో క్యాడ్‌బరీ, ఈ ముగ్గురు చాక్లెట్ వ్యాపారులూ క్వేకర్లే.

జార్జ్ తండ్రి జాన్ క్యాడ్‌బరీ 1824లో బుల్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచాడు. టీ, కాఫీ, కోకో అమ్మేవాడు. మద్యం కుటుంబాలను కూల్చేస్తున్న ఆ పట్టణంలో మనుషులు తాగడానికి మంచిదేదైనా ఉండాలన్నది ఆయన ఆశ. తర్వాత తయారీలోకి దిగి కొంత రాణించినా, భార్య మరణించాక ఆయన ఆరోగ్యం, వ్యాపారం రెండూ దెబ్బతిన్నాయి. 1861లో ఇరవై అయిదేళ్ల రిచర్డ్, ఇరవై ఒక్క ఏళ్ల జార్జ్ ఆ భారాన్ని తలకెత్తుకునేసరికి బ్రిడ్జ్ స్ట్రీట్ ఫ్యాక్టరీలో దాదాపు డజను మంది పనివారే మిగిలారు. తల్లి నుంచి వచ్చిన వారసత్వంలో చెరి నాలుగు వేల పౌండ్లు అన్నదమ్ములు అందులో పోశారు. మొదటి కొన్నేళ్లు నష్టాలే. పని నిలవకపోతే హిమాలయాల్లో టీ తోటలు పెట్టడానికి మన దేశానికి రావాలని జార్జ్ ఆలోచించాడట. అప్పు చేయకుండా, చేతిలో డబ్బు అయిపోతే అందరి బాకీలూ తీర్చి మూసేయాలని అన్నదమ్ములు నిర్ణయించుకున్నారు. ఆ అవసరం రాలేదు. 1864 నాటికి కొద్దిపాటి లాభం కనబడింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. ఆ రోజుల్లో కోకో అని అమ్మిన దానిలో కోకో తక్కువ. బంగాళదుంప పిండి, సగ్గుబియ్యం పిండి, బెల్లం పాకం లాంటివి కలిపేవారు. క్యాడ్‌బరీలు అమ్మిన కోకోలో కూడా ఇవి ఉండేవి. భక్తిగల ఇంటి సరుకే అయినా, అందరూ చేస్తున్నదే వారూ చేశారు. జార్జ్ హాలండ్ వెళ్లి, కోకో గింజలోని అధిక కొవ్వును పిండి తీసే యంత్రాన్ని కొని తెచ్చాడు. కొవ్వు తీసేస్తే పిండి కలపనక్కరలేదు. 1866లో కల్తీ లేని కోకో పొడి బజారులోకి వచ్చింది. ఆ తర్వాత పార్లమెంటు ఆహార కల్తీ మీద చట్టాలు చేసినప్పుడు మిగతా తయారీదారులు ఉలిక్కిపడ్డారు, క్యాడ్‌బరీలు ఉలిక్కిపడలేదు. వ్యాపారం అక్కడి నుంచే నిలదొక్కుకుంది.

ఈ ఘటనను సాధారణంగా వ్యాపార చాతుర్యంగా చెబుతారు. మాకు ఇందులో ఇంకొకటి కనబడుతుంది. సరుకులో ఏం కలుస్తుందో కొనేవారికంటే ముందు పనివారికి తెలుస్తుంది. మూటలు మోసేవాడికి తెలుసు, గరిటె తిప్పే అమ్మాయికి తెలుసు. ఫీజు రసీదులో ఒక మొత్తం, పుస్తకంలో ఇంకో మొత్తం రాయమని చెప్పిన బడిలో గుమస్తాకు తెలుసు. అటువంటి చోట ఉదయం ప్రార్థన పెట్టినా, సాయంత్రం విందు పెట్టినా, పనివాని మనసు యజమాని వైపు తిరగదు.

బ్రిడ్జ్ స్ట్రీట్‌లో జార్జ్‌కు ప్రతి పనివాని పేరు, ఇంటి సంగతులు తెలుసు. విరామంలో వారితో కలిసి క్రికెట్ ఆడేవాడు. శనివారం మధ్యాహ్నం సెలవు అన్నది ఆ ఊరి ఫ్యాక్టరీలలో అలవాటు లేని కాలంలోనే ఆ సెలవు ఇచ్చాడు. పని మొదలుపెట్టే ముందు ఒక లేఖన భాగం చదివి కొద్దిసేపు ప్రార్థించే అలవాటు కూడా వచ్చింది. బోయజు పొలానికి వచ్చి కోతవారిని పలకరించిన తీరును మేము చదివినప్పుడల్లా ఈ చిన్న ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. రూతు గ్రంథంలో ఆ పలకరింపు తర్వాత పరిగె గింజలు కూడా ఉన్నాయని మనం మరచిపోతుంటాము.

జార్జ్‌కు ఈ మెలకువ ఎక్కడి నుంచి వచ్చింది? మా అభిప్రాయంలో ఫ్యాక్టరీలో కాదు, సండే స్కూలులో. ఇరవై ఏళ్ల వయసులో ఆయన సెవెర్న్ స్ట్రీట్‌లోని వయోజనుల బడిలో బోధకుడయ్యాడు. కూలీలు, మెకానిక్‌లు, తాగి బతుకు పాడుచేసుకున్నవారు ఆదివారం తెల్లవారుజామున అక్కడికి వచ్చి చదవడం రాయడం నేర్చుకునేవారు, బైబిలు చదివేవారు. కోటీశ్వరుడైన తర్వాత కూడా ఆయన ఆదివారం పెందలకడనే సైకిలెక్కి అయిదు మైళ్లు తొక్కుకుంటూ వెళ్లేవాడు. ఇలా దాదాపు యాభై ఏళ్లు. తరగతికి రాని శిష్యుని వెతుక్కుంటూ ఇరుకు సందుల్లోకి వెళ్లినప్పుడు అతడికి అర్థమైంది: గాలి వెలుతురు లేని గదిలో ఏడుగురు పడుకునే ఇంటికి తిరిగి వెళ్లే మనిషి, సారా దుకాణం ముందు ఆగకుండా ఎలా పోతాడు? మనిషిని మార్చమని ప్రార్థించడం ఒక్కటే చాలదు, ఆ మనిషి ఉండే ఇంటిని కూడా చూడాలి.

1879లో అన్నదమ్ములు ఫ్యాక్టరీని ఊరికి నాలుగు మైళ్ల దూరంలోని పొలాల మధ్యకు మార్చారు. దగ్గర్లోని బోర్న్ అనే వాగు పేరు మీద ఆ చోటికి బోర్న్‌విల్ అని పేరు పెట్టారు. ఇంత దూరం ఎవరు వస్తారని ఊళ్లోవాళ్లు నవ్వారు. రైలు కంపెనీతో మాట్లాడి పనివారికి తక్కువ ఛార్జీ ఏర్పాటు చేశారు. వంటగదిలో ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం వేడి చేసుకునే వీలు పెట్టారు. ఆటస్థలాలు, తోటలు వచ్చాయి. 1899లో రిచర్డ్ యెరూషలేము యాత్రలో జబ్బుపడి మరణించే నాటికి పనివారి సంఖ్య వేలల్లోకి చేరింది.

ఇళ్ల సంగతి 1895లో మొదలైంది. జార్జ్ తన సొంత డబ్బుతో ఫ్యాక్టరీ పక్కన భూమి కొని ఇళ్లు కట్టించాడు. ప్రతి ఇంటికీ పెరడు, పెరట్లో పండ్ల చెట్లు. స్థలంలో నాలుగో వంతుకు మించి కట్టడం ఉండకూడదని నియమం. సారా దుకాణానికి చోటు లేదు. ఆ ఇళ్లు క్యాడ్‌బరీ పనివారికి మాత్రమే కావు, బయటివారికీ ఇచ్చాడు. ఇంటి తాళం, ఉద్యోగం ఒకే చేతిలో ఉంటే పనివాడు నోరు విప్పలేడు గదా! మన ప్రాంతంలో కొన్ని మిషన్ కాంపౌండ్లలో క్వార్టరు పోతుందన్న భయంతో నోరు మూసుకుని బతికిన తరాలు మనకు తెలుసు. 1900 డిసెంబరులో జార్జ్ ఆ గ్రామమంతా, 300కు పైగా ఇళ్లు, 300 ఎకరాలకు పైగా భూమి, ఒక ట్రస్టుకు రాసిచ్చేశాడు. వచ్చే అద్దె తనకు గానీ తన పిల్లలకు గానీ రాదు, అదే పనికి ఖర్చు కావాలి. మూడేళ్లకు, తాను ఒకప్పుడు కాపురమున్న వుడ్‌బ్రూక్ భవనాన్ని కూడా క్వేకర్ల అధ్యయన కేంద్రానికి ఇచ్చాడు.

ఇటువంటి జీవితచరిత్రల్లో ఈత కొలనులు, క్రికెట్ మైదానాల దగ్గరే అందరూ ఆగిపోతారు. ఇవి మంచివే. కానీ పనివాని మనసును పనికి దగ్గర చేసింది ఇవి అని మేము అనుకోము. 1902లో బోర్న్‌విల్‌లో ఇంకో పని జరిగింది, దాని గురించి తక్కువగా చెబుతారు. పని ఎలా మెరుగుపరచాలో పనివారినే రాసి ఇమ్మన్నారు. వచ్చిన ప్రతి సూచననూ ఒక కమిటీ పరిశీలించేది, పనికొచ్చిన వాటికి బహుమతి ఇచ్చేది. యంత్రం దగ్గర రోజంతా నిలబడే అమ్మాయికి ఆ యంత్రం గురించి మేనేజరుకు తెలియనిది తెలుసు అని యజమాని ఒప్పుకోవడమే ఇందులో సంగతి. తర్వాత పనివారి కమిటీలు, 1906లో పురుషులకు పెన్షను నిధి, కొన్నేళ్లకు స్త్రీలకూ పెన్షను, చిన్నవయసు పనివారికి పని వేళల్లోనే చదువు, 1918లో పనివారు తామే ఎన్నుకున్న ప్రతినిధులతో వర్క్స్ కౌన్సిళ్లు వచ్చాయి. సూచనల పెట్టె మన సంస్థల్లోనూ ఉంటుంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు, అంతే తేడా.

ఆయన చేసినదంతా ఇప్పుడు మనకు నచ్చదు. పెళ్లయిన స్త్రీ ఫ్యాక్టరీలో కొనసాగకూడదని నియమం. వెళ్లేటప్పుడు ఒక బైబిలు, ఒక పువ్వు చేతిలో పెట్టి పంపేవారు. ఆడవారు మగవారు వేరువేరు దారుల్లో రావాలి, వేరువేరు చోట్ల పనిచేయాలి. తండ్రిలాంటి యజమాని, పిల్లల్లాంటి పనివారు అన్న భావన ఆ ఫ్యాక్టరీ అంతటా ఉండేది. పెద్దవాళ్లను పిల్లల్లా చూడటం ప్రేమే అయినా, దానిలో ఒక అవమానం కూడా ఉంది.

ఇక అన్నిటికంటే కష్టమైన అధ్యాయానికి వద్దాము. దీన్ని దాచి జార్జ్ క్యాడ్‌బరీని పొగడటం మాకు ఇష్టం లేదు.

ఆఫ్రికా పశ్చిమ తీరానికి ఆవల సావో తోమే, ప్రిన్సిపే అని పోర్చుగల్ పాలనలో రెండు దీవులు ఉండేవి. క్యాడ్‌బరీలు కొనే కోకో గింజల్లో సగానికి దగ్గరగా అక్కడి నుంచే వచ్చేవి. పేరుకు అక్కడి కూలీలు ఒప్పంద కార్మికులు. నిజానికి అంగోలా లోపలి ప్రాంతాల నుంచి పట్టి తెచ్చినవారు. ఒప్పందం ముగిశాక ఇంటికి తిరిగి వెళ్లినవారు దాదాపు లేరు. 1901లో రిచర్డ్ కుమారుడు విలియం చెవిన ఈ మాట పడింది. అదే ఏడాది అమ్మకానికి పెట్టిన ఒక తోట వివరాల్లో, చెట్లు, పశువులు, పనిముట్లతో పాటు 200 మంది నల్లజాతి కూలీలకు కూడా ధర కట్టి ఉంది.

వెంటనే కొనుగోలు ఆపి ఉండవలసింది. ఆపలేదు. 1903లో విలియం లిస్బన్ వెళ్లి అడిగితే, సంస్కరణలు చేస్తున్నామని పోర్చుగీసువారు చెప్పారు. 1905లో జోసెఫ్ బర్ట్ అనే క్వేకర్‌ను పోర్చుగీసు భాష నేర్పించి దీవులకు, అంగోలాకు పంపారు. ఆయన తిరిగి వచ్చేసరికి 1907. ఈలోగా హెన్రీ నెవిన్‌సన్ అనే విలేకరి తన ఖర్చులకు ఒక పత్రిక సాయం తీసుకుని అంగోలా దారుల్లో నడిచి, తోవ పక్కన పడి ఉన్న సంకెళ్లను, ఎముకలను చూసి వచ్చి 1906లో పుస్తకం ప్రచురించాడు. అయినా కొనుగోలు సాగింది. మనం కొనడం మానేస్తే మన మాట వినేవారు ఉండరు, కొంటూ ఉంటేనే ఒత్తిడి తేగలం అన్నది క్యాడ్‌బరీల వాదన. బ్రిటిష్ ప్రభుత్వం కూడా తొందరపడవద్దని చెప్పింది. చివరికి 1909 మార్చిలో, మొదటి కబురు అందిన ఎనిమిదేళ్లకు, ఫ్రై, రౌన్‌ట్రీలతో కలిసి ఆ దీవుల కోకోను బహిష్కరించారు. గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘానాలో, సొంత భూమిలో సాగుచేసే చిన్న రైతుల కోకో వైపు మళ్లారు.

ఈ ఎనిమిదేళ్లలో జార్జ్ ఏం చేస్తున్నాడు? 1901లోనే డెయిలీ న్యూస్ అనే దినపత్రికను తన చేతిలోకి తీసుకున్నాడు. బోయర్ యుద్ధాన్ని ఆ పత్రిక వ్యతిరేకించింది. గుర్రప్పందేల వార్తలను ఆయన మాన్పించాడు. ఇళ్లలో కూర్చుని రాత్రింబవళ్లు కుట్టుపని చేసి అణాకానీ కూలికి అలసిపోయే స్త్రీల దుస్థితిని 1906లో ఆ పత్రిక ఒక ప్రదర్శనగా లండన్ ప్రజల ముందు పెట్టింది. వృద్ధులకు పెన్షను కావాలని పోరాడినవారిలో ఆయన ఒకడు. దక్షిణాఫ్రికా గనుల్లో చైనా కూలీలను బానిసల్లా వాడుతున్నారని ఆ పత్రిక నిప్పులు చెరిగింది. ఇవన్నీ నిజంగా చేసినవే. అదే సమయంలో సావో తోమే గింజలు బోర్న్‌విల్ గోదాముల్లోకి దిగుతూనే ఉన్నాయి.

1908 సెప్టెంబరులో స్టాండర్డ్ అనే ప్రత్యర్థి పత్రిక ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎత్తిపొడిచింది. క్యాడ్‌బరీలు పరువునష్టం దావా వేశారు. 1909 చివరిలో బర్మింగ్‌హామ్‌లోనే, వారి సొంత ఊళ్లో, విచారణ జరిగింది. ఎడ్వర్డ్ కార్సన్ అనే పేరుమోసిన న్యాయవాది స్టాండర్డ్ తరఫున ప్రశ్నలు వేశాడు. కబురు తెలిసిన తర్వాత ఎన్ని పౌండ్ల గింజలు కొన్నారని అడిగి, సుమారు పదమూడు లక్షల పౌండ్ల విలువైనవని విలియం నోటితోనే చెప్పించాడు. జ్యూరీ క్యాడ్‌బరీల పక్షానే తీర్పు ఇచ్చింది. పరిహారంగా మాత్రం ఒక్క ఫార్దింగ్ ఇప్పించింది. ఫార్దింగ్ అంటే పెన్నీలో నాలుగో వంతు, అప్పటి అతి చిన్న నాణెం. కేసు గెలిచారు. పరువు విలువ ఎంతో కూడా ఆ పన్నెండుమంది చెప్పేశారు.

అప్పటికి జార్జ్‌కు డెబ్బై ఏళ్లు. ఆ నాణెం గురించి మేము చాలాసార్లు ఆలోచించాము. ఆయన వేషధారి అని మేము అనుకోము. వేషధారి యాభై ఏళ్లు ఆదివారం తెల్లవారుజామున సైకిలు తొక్కడు. కనబడే పనివాని కోసం ఆయన ఎంత చేశాడో, కనబడని పనివాని విషయంలో అంత ఆలస్యం చేశాడు. బోర్న్‌విల్‌లో గింజలు వేయించే అమ్మాయి ముఖం ఆయనకు తెలుసు. ఆ గింజలు కోసిన అంగోలా మనిషి ముఖం నివేదికల్లో ఉంది. నివేదికకు జవాబు చెప్పడానికి ఎప్పుడూ ఇంకో నివేదిక దొరుకుతుంది. మేమూ కమిటీల్లో కూర్చున్నవాళ్లమే. వచ్చే సమావేశానికి వాయిదా వేద్దామన్న మాటకు చేయి ఎత్తినవాళ్లమే. కోతపనివారి కూలి గురించి యాకోబు రాసినప్పుడు, ఆ మొర వినడానికి ప్రభువుకు వాయిదా అవసరం లేదన్నది అందులో ఉంది.

ఇప్పుడు ఆ కోకో మన ఊళ్లకూ వచ్చింది. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడన కోకో కాయలు కాస్తున్నాయి. మన సంఘాల్లో కొందరు విశ్వాసులే వాటిని కోసి, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతున్నారు. ఆ చాక్లెట్ సంస్థ 2010లో అమెరికా వారి చేతిలోకి పోయింది. బోర్న్‌విల్ గ్రామం మాత్రం ఇప్పటికీ ట్రస్టు చేతిలోనే ఉంది. అమ్మగలిగింది అమ్ముడుపోయింది, ఇచ్చేసింది నిలిచింది.

కేసు తర్వాత కూడా జార్జ్ పదమూడేళ్లు బ్రతికాడు. ప్రతి వేసవిలో మురికివాడల పిల్లలను వేల సంఖ్యలో తన తోటకు రప్పించి భోజనం పెట్టి ఆడించేవాడు. వర్క్స్ కౌన్సిళ్లు వచ్చింది ఈ చివరి కాలంలోనే. 1922 అక్టోబరు 24న ఆయన కన్నుమూశాడు. బోర్న్‌విల్ పచ్చిక మైదానంలో జరిగిన స్మారక ఆరాధనకు వేలాది మంది వచ్చారు. పనివారు, రిటైరై పెన్షను తీసుకుంటున్నవారు, సెవెర్న్ స్ట్రీట్‌లో ఆయన దగ్గర అక్షరాలు నేర్చుకున్న ముసలివారు. క్వేకర్ల పద్ధతి ప్రకారం అంత జనమూ చాలాసేపు మౌనంగా నిలబడ్డారు.

నర్సుగా పనిచేస్తున్న ఆ సోదరికి ఈ కథ మేము ఇంకా చెప్పలేదు. ఆమె పనిచేసే ఆసుపత్రి కమిటీలో సభ్యులైన పెద్దలు ఇద్దరు వచ్చే ఆదివారం మా ఆరాధనకు వస్తున్నారు. ముందుగా వారితో కూర్చోవాలని, జీతాల పుస్తకం కూడా వెంట తెమ్మనాలని అనుకుంటున్నాము.